రెండు కళ్లూ ఒకే పక్కన

కాకినాడ రేవులో రొయ్యలూ పెద్ద చేపలూ వేలానికి వెళ్లాక మిగిలే చిల్లర కుప్పలో పలచని గోధుమరంగు చేపలు కొన్ని కనిపిస్తాయి. ఇవి నాలుక చేపలు. వీటిలో చుక్కల నాలుక చేప (సైనోగ్లాసస్ పంక్టిసెప్స్) సాధారణంగా జానెడు కూడా ఉండదు. తిరగేసి చూడండి: కింది పక్క తెల్లగా ఉంటుంది, అక్కడ కన్ను లేదు. రెండు కళ్లూ ఎడమ పక్కనే ఉన్నాయి.

గుడ్డులోంచి వచ్చినప్పుడు ఇలా ఉండదు. అన్ని చేప పిల్లల్లాగే నిటారుగా ఈదుతుంది, అటో కన్ను ఇటో కన్ను. కొన్ని వారాలకు థైరాయిడ్ హార్మోను పెరిగి పుర్రె ఎముకలు మెలితిరుగుతాయి. కుడి కన్ను జరుగుతూ జరుగుతూ ఎడమ పక్కకు చేరుతుంది. చేప కుడి పక్కకు ఒరిగి అడుగున పడుకుంటుంది. ఇక జీవితమంతా అలాగే. జీవుల్లో ఇంతకంటే సాహసమైన మార్పు నాకు తెలియదు.

ఈ కన్నే ఒకప్పుడు పరిణామ సిద్ధాంతానికి సవాలైంది. కన్ను సగం దూరం జరిగితే చేపకు లాభమేమిటని 1871లో జీవశాస్త్రవేత్త మైవర్ట్ అడిగాడు. మరుసటి ఏడాదే డార్విన్ జవాబిచ్చాడు కానీ, చేతిలో శిలాజం లేదు. 2008లో శిలాజ శాస్త్రవేత్త మాట్ ఫ్రీడ్‌మన్ ఇలాంటి చేపల పూర్వ బంధువుల సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి శిలాజాలను పరీక్షించి, వాటిలో ఒక కన్ను నడినెత్తి వైపు సగం దారిలో ఆగి ఉందని చూపాడు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. మన బంగాళాఖాతంలోనే దొరికే సెట్టోడిస్ ఎరుమీ అనే, ఇదే బల్లపరుపు చేపల కోవకు చెందిన పెద్ద చేపకు ఈనాటికీ పై కన్ను తల అంచు మీదే ఉంటుంది. అది అప్పుడప్పుడు నిటారుగా ఈదుతుంది కూడా.

నాలుక చేప మాత్రం పూర్తిగా బురదకే అంకితమైంది. పక్క రెక్కలు లేవు. వీపు రెక్క, తోక రెక్క, కింది రెక్క కలిసి ఒకే అంచుగా చుట్టుకుంటాయి. ఆ అంచును అలలుగా కదిపి ఒండ్రును పైకి లేపుతుంది; అది మళ్లీ మీద పడి చేపను కప్పేస్తుంది. కళ్లు మాత్రమే బయట ఉంటాయి. కొక్కెంలా వంగిన నోటితో పురుగులను, చిన్న రొయ్యజాతి జీవులను ఏరుకు తింటుంది.

ఇలాంటి చేపకు గోదావరి డెల్టా కంటే తగిన చోటు ఏది? ధవళేశ్వరం దాటాక చీలిన గౌతమి, వసిష్ఠ పాయలు తెచ్చే మెత్తని మట్టి మొగల ముందు లోతు తక్కువ సముద్రంలో పేరుకుంటుంది. కోరంగి మడ అడవుల్లో రాలిన ఆకులు కుళ్లి పురుగులకు మేతవుతాయి. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ కాకినాడ అఖాతాన్ని అలల నుంచి కాస్తుంది.

అడుగును గీసుకుంటూ పోయే ట్రాల్ వలలకు మాత్రం ఈ దాపరికం అక్కరకు రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం వల్ల ఆ అడుగుకు కొంత విరామం దొరుకుతుంది. ఎగువ జలాశయాల్లో ఆగిపోయే ఒండ్రుకు అలాంటి ఏర్పాటేదీ లేదు. అది రాక తగ్గిన కొద్దీ డెల్టా అంచు కొన్నిచోట్ల కోసుకుపోతోంది. పులస గురించి మాట్లాడినంత శ్రద్ధగా ఈ బురద గురించి కూడా మాట్లాడుకోవాలని నా కోరిక.