గుట్ట మీదే ఆగిపోయిన మాట: ఇటాలియన్ 'ఎర్మో'

ఇటలీలో బడికెళ్లిన వాళ్లకు 'సెంప్రె కారో మి ఫు క్వెస్తెర్మో కొల్లె' అన్న పాదం నోటికొచ్చి ఉంటుంది. 19వ శతాబ్దపు కవి జాకొమో లెయొపార్ది రాసిన 'లిన్ఫినీతో' (అనంతం) కవితకు అది మొదటి పాదం. ఈ ఒంటరి గుట్ట నాకెప్పుడూ ఇష్టమే అని దాని భావం. అందులోని 'ఎర్మో' అనే విశేషణాన్ని మాత్రం మామూలు మాటల్లో ఎవరూ వాడరు. పాఠ్యపుస్తకాలు దాని కింద 'సొలితారియో' (ఒంటరి) అని అర్థం ఇస్తుంటాయి.

గ్రీకులో 'ఎరేమోస్' అంటే నిర్జనమైనది. జనాన్ని వదిలి ఎడారి పట్టిన తొలినాటి క్రైస్తవ సన్యాసుల పుణ్యమా అని అది చర్చి లాటిన్‌లో చేరింది. అక్కడి నుంచి ఇటాలియన్‌కు 'ఎరెమో' వచ్చింది, నడిమి అచ్చు రాలిపోయి 'ఎర్మో' కూడా వచ్చింది. దాంతే కాలానికి ఎర్మో నామవాచకం కూడా. అతని 'దివీనా కొమ్మేదియా' కావ్యంలోని రెండో భాగం 'పుర్గతోరియో' అయిదో సర్గలో, 1289 నాటి కంపాల్దీనో యుద్ధంలో చనిపోయిన బువొన్‌కోంతె తన శవాన్ని ఆర్కియానో ఏరు ఎలా ఈడ్చుకుపోయిందో చెప్పుకుంటాడు. ఆ ఏరు 'ఎర్మోకు ఎగువన' పుడుతుందంటాడు. ఎర్మో అంటే అక్కడ కామాల్దొలి ఆశ్రమమే. అలాంటి ఆశ్రమాలు ఇంకా ఉండబట్టి 'ఎరెమో' బతికింది. విశేషణానికి ఆ ఆసరా లేదు, కవులే దిక్కయ్యారు.

లెయొపార్ది దాన్ని అందుకునేటప్పటికే అది పాతబడిన మాట. 1818లో ఇటలీ దుస్థితి మీద రాసిన గేయంలో పూర్వీకుల బురుజులకు 'ఎర్మె' (ఎర్మోకు బహువచన రూపం) అని తగిలించాడు. పాదం సరిగ్గా ఆ మాట దగ్గర విరుగుతుంది. ముందు విగ్రహాల ప్రస్తావన ఉంది, పైగా 'ఎర్మె' అంటే తల చెక్కిన రాతి స్తంభాలు కూడా. తర్వాతి పాదంలో 'బురుజులు' వచ్చేదాకా చదువరి అటా ఇటా అని ఊగుతాడు. మరుసటి ఏడాది, 21 ఏళ్ల వయసులో, సొంత ఊరు రెకనాతిలోని తబోర్ గుట్ట మీద 'లిన్ఫినీతో' రాశాడు. అంతా కలిపి 15 పాదాలే. 1836లో వెసూవియస్ వాలులో పూచే పొద మీద రాసిన కవితలోనూ రోమ్ చుట్టూ ఉన్న పాడు నేలలు 'ఎర్మె'యే.

ఇది పాండిత్య ప్రదర్శన అనుకోను. వస్తువును వేలెత్తి చూపి ఊరుకునే పదం వేరు, వెంట బోలెడు ఊహలను మోసుకొచ్చే పదం వేరు అని అతను తన 'జిబల్దోనె' నోట్సులో వాదించాడు. 'పాత', 'దూరపు' లాంటి మాటలు హద్దుల్లేని ఊహ రేపుతాయనీ రాసుకున్నాడు. సొలితారియో రోజూ చెలామణీ అయ్యే మాట. ఎర్మోలో ఎడారీ, సన్యాసీ ఇంకా కదులుతుంటారు.

భాష మాత్రం అటు నడవలేదు. నవలాకారుడు మంజోని తన 'ఇ ప్రొమెస్సి స్పోజి' నవలను ఫ్లోరెన్స్ వాడుక భాషకు దగ్గరగా తిరగరాసి 1840-42లో వెలువరించాడు. 20వ శతాబ్దపు కవులు గ్రాంథికపు సరుకును చాలావరకు వదిలేశారు. ఇప్పుడు ఎవరైనా 'ఎర్మో కొల్లె' అన్నారంటే ఊరవతల ఏదో గుట్టను చూపించి వేళాకోళానికి అన్నట్టే.