ఇప్పచెట్టు కింది మంట

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట సిరొంచ ఉంది. మహారాష్ట్రే అయినా ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో మాట తెలుగే. మార్చి వచ్చిందంటే తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని అడవికి బయలుదేరతారు. రాత్రి విచ్చుకున్న ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కండ పట్టిన ఆ లేతపసుపు పువ్వు ఎండుటాకుల్లో పడితే ఒక పట్టాన కనబడదు. టేకు ఆకు రాల్చి నేలను కప్పేసేది కూడా సరిగ్గా అప్పుడే. ఓపిక ఉన్నవాళ్లు చెట్టు కింద ఊడుస్తారు. లేనివాళ్లు అగ్గిపుల్ల గీస్తారు.

అడవి తగలబడ్డాక ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: కావాలని పెట్టారా, పొరపాటున అంటుకుందా? ఈ ప్రశ్నతో మనకు ఒరిగేది తక్కువ. మన దగ్గర పిడుగు వల్ల పుట్టే కార్చిచ్చులు అరుదు. పిడుగు వెంట సాధారణంగా వానా వస్తుంది. అత్యధిక భాగం మనుషులు పెట్టిన నిప్పే. ఇప్పపువ్వు కోసం ఒకరు, తునికాకు చిగురు కోసం ఒకరు, పోడు కోసం మరొకరు. ముట్టించడం కావాలనే, పాకడం మాత్రం పొరపాటు. మొదటిది ఎక్కడ రెండోదిగా మారుతుందో చెప్పడానికి ఒక లెక్క ఉంది.

1959లో జార్జ్ బైరమ్ అనే అమెరికా అటవీ పరిశోధకుడు మంట తీవ్రతను మూడు అంకెల గుణకారంగా రాశాడు: కిలో ఆకు కాలితే వచ్చే వేడి, చదరపు మీటరులో కాలే ఆకు బరువు, మంట ముందుకు నడిచే వేగం. కిలో ఎండుటాకు సుమారు 18,000 కిలోజౌళ్ల వేడి ఇస్తుంది. చదరపు మీటరుకు అరకిలో ఆకు ఉందనుకుందాం. గాలికి ఎదురుగా, సెకనుకు అర సెంటీమీటరు చొప్పున నిప్పు నడిస్తే మంట అంచున ప్రతి మీటరుకు 45 కిలోవాట్లు. మంట మోకాలి ఎత్తు దాటదు, పచ్చికొమ్మతో కొట్టి ఆర్పేయవచ్చు. అదే ఆకు, అదే నేల. గాలి వెనక నుంచి తోసి వేగం సెకనుకు ఆరు సెంటీమీటర్లయిందా, 540 కిలోవాట్లు. మంట ఛాతీదాకా లేస్తుంది. చేతి పనిముట్లతో మనిషి ఎదురు నిలవగలిగేది సుమారు 350 కిలోవాట్ల వరకే. అది దాటాక ముట్టించినవాడి ఉద్దేశం ఎంత మంచిదైనా చేయగలిగింది పక్కకు తప్పుకోవడమే.

ఈ గుణకారంలో ఆకు బరువు ఒక్కరోజులో మారేది కాదు. మారేది వేగం, అదీ గంటల్లోనే. ఎండిన టేకాకు అప్పడంలా ముడుచుకుని ఉంటుంది. ఆకుకూ ఆకుకూ మధ్య గాలి ఆడుతుంది, అందుకే చిటపటమంటూ అంటుకుంటుంది. పైగా ఎండుటాకులు, సన్నని పుల్లలు గంటా రెండు గంటల్లోనే చుట్టూ ఉన్న గాలిలోని తేమకు సర్దుకుంటాయి. తెల్లవారుజామున ఎంతకీ రాజుకోక విసిగించిన ఆకే మధ్యాహ్నం రెండింటికి పరుగెత్తుతుంది. పొద్దున సొమ్మసిల్లిన నిప్పును చూసి, ఆరిపోయిందనుకుని బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతే, పట్టు తప్పేది అక్కడే. నేల వాలుగా ఉంటే మరీ కష్టం. వాలు పది డిగ్రీలు పెరిగితే ఎగువకు పాకే వేగం రెట్టింపవుతుందన్నది ఆస్ట్రేలియా అటవీ సిబ్బంది వాడే మోటు లెక్క.

ఇదంతా చదువులేని పల్లెజనం అజాగ్రత్త అని తీసిపారేసేవాళ్లకు న్యూ మెక్సికో సంగతి చెప్పాలి. 2022 ఏప్రిల్ 6న అమెరికా అటవీ శాఖ, పెద్ద మంటలు రాకుండా ఎండు చెత్తను ముందే కాల్చేద్దామని, పథకం ప్రకారం, సిబ్బందిని పెట్టుకుని మరీ అక్కడ ఒక అడవిలో నిప్పు పెట్టింది. గాలి తిరగబడి అది చేయిదాటింది. పక్కన ఇంకొకటి. జనవరిలో వాళ్లే కాల్చిన కట్టెల కుప్పల్లో నిప్పు మంచు కింద నివురుగప్పి ఉండి ఏప్రిల్‌లో లేచింది. రెండూ కలిసి 3.4 లక్షల ఎకరాలు దహించాయి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు మరొకటి లేదు.

దీనికి తలకిందుల కథ కూడా ఆ దేశానిదే. 1949 ఆగస్టు 5న మోంటానాలో మాన్ గల్చ్ అనే లోయలో మంట, దాన్ని ఆర్పడానికి వెళ్లిన దళాన్నే గడ్డివాలు మీదుగా తరుముకొచ్చింది. దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ పరుగు ఆపి, ముందున్న గడ్డికి తానే నిప్పంటించి, అది కాలిన చోట బూడిదలో పడుకున్నాడు. కాలడానికి ఏమీ మిగలని ఆ మేరను వదిలి పెద్ద మంట పక్కనుంచి పోయింది. రమ్మని పిలిచినా ఎవరూ రాలేదు. మంటకు ఎదురుగా మంట పెట్టేవాడిని చూసి మతి పోయిందనుకుని ఉంటారు. పదముగ్గురు చనిపోయారు.

మన 1927 నాటి అటవీ చట్టం 26వ సెక్షన్ రిజర్వు అడవికి నిప్పు పెట్టడాన్నే కాదు, అడవికి ముప్పు వచ్చేలా నిప్పును మండుతూ వదిలేయడాన్ని కూడా నేరమంది. ఆ రెండో సగం రాసినవాళ్లకు మంట గుణం బాగానే తెలుసు. ఇప్పచెట్టు కింద వల పరిస్తే అగ్గిపుల్ల అవసరమే రాదు, పువ్వుకు మసీ అంటదు. ఇక ఎవరు పెట్టిన నిప్పయినా, ఆర్పడానికి వెళ్లినవాళ్లు కొమ్మలు పక్కన పడేసి వెంటనే వెనుదిరగకూడదు. పడిపోయిన దుంగల కింద, మోడుల మొదళ్లలో బూడిదను పుల్లతో కెలికి, ముందు పైన చేయి ఆడించి సెగ చూసి, సెగ లేకపోతే చేతి వెనుకవైపును ఆనించి చూడాలి. వెచ్చదనం తగిలితే తవ్వి, నీళ్లు పోసి, మళ్లీ చేయి పెట్టి చూడాలి.