మొదటి భాగం ఆడిందని రెండోదాన్ని కొనేయకండి: సూపర్ హీరో సినిమాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మొదటి భాగం ఆడింది కాబట్టి రెండోది ఆడి తీరుతుంది.

ఈ మాట నమ్మి అప్పులపాలైనవాళ్లను కావలిలో చూశాను, ఒంగోలులోనూ చూశాను. 2024 సంక్రాంతికి 'హనుమాన్' ఆడినప్పటి నుంచి మా వైపు ఈ నమ్మకం మరీ ముదిరింది. సూపర్ హీరో సినిమాకు రెండో భాగం వస్తోందంటే చాలు, అది మన భాషదైనా డబ్బింగుదైనా, "అన్నా, కళ్లు మూసుకుని పట్టుకోవచ్చా?" అని ఫోన్లు, అంటే ముందే డబ్బు కట్టి ఆడించే హక్కు కొనేయవచ్చా అని. థియేటర్ లీజుకు తీసుకుని నడిపేవాడిగా చెబుతున్నాను, పట్టుకోకూడదు.

వాస్తవం: మొదటి భాగం మీకు ఇచ్చేది శుక్ర, శని, ఆదివారాలు. అంతవరకే. సోమవారం మ్యాట్నీ నుంచి ఆ సినిమా తన సొంత బలం మీద ఆడాలి. ఎన్‌ఆర్‌ఏ, అంటే సినిమా ఆడకపోయినా తిరిగి రాని అడ్వాన్సు, కట్టినవాడి భవిష్యత్తు తేలేది ఆ సోమవారమే.

లెక్కలు కావాలంటే హాలీవుడ్‌వి చూడండి. 2019లో 'జోకర్' ప్రపంచమంతా కలిపి వంద కోట్ల డాలర్లు దాటింది. 2024లో వచ్చిన రెండో భాగం 20 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2019లోనే 'కెప్టెన్ మార్వెల్' 110 కోట్ల డాలర్లు దాటితే, దాని కొనసాగింపుగా 2023లో వచ్చిన 'ది మార్వెల్స్'కూ దాదాపు అదే 20 కోట్లు. 'ఆక్వామాన్' రెండో భాగానికి మొదటిదానిలో సగం కూడా రాలేదు. అవతలివైపూ చెప్పాలి. 2005 నాటి 'బ్యాట్‌మన్ బిగిన్స్' 37 కోట్ల డాలర్ల సినిమా. మూడేళ్ల తర్వాత దాని దర్శకుడు క్రిస్టఫర్ నోలనే తీసిన 'ది డార్క్ నైట్' వంద కోట్లకు చేరింది. మొదటి భాగం వసూళ్లు చూసి రెండోదాని వసూళ్లు చెప్పగలమనుకుంటే ఈ రెండు రకాల లెక్కలూ ఒప్పుకోవు.

"మరి బాహుబలి? కేజీఎఫ్? పుష్ప?" అని ప్రతివాళ్లూ అడుగుతారు. 'బాహుబలి' ఒకే కథ, సగంలో ఆపారు. కట్టప్ప ఎందుకు చంపాడో తెలియకుండా జనం రెండేళ్లు ఎదురుచూశారు. ఆ ప్రశ్నే 2017లో టికెట్లు అమ్మింది. మిగతా రెండింటిలోనూ హీరోకు, ప్రతినాయకుడికి మధ్య తేలని లెక్క ఉంది. సూపర్ హీరో మొదటి భాగం సాధారణంగా అలా ఉండదు. మామూలు మనిషికి శక్తి వస్తుంది, దానితో తంటాలు పడతాడు, నేర్చుకుంటాడు, చివరికి గెలుస్తాడు. జనం డబ్బులిచ్చి చూసింది ఆ మారడాన్నే. 'హనుమాన్'లో అంజనాద్రి పల్లె, పనీపాటా లేని తమ్ముడు, వాడి మీద ప్రాణం పెట్టుకున్న అక్క ఉన్నారు కాబట్టే కొండలెత్తినప్పుడు ఈలలు పడ్డాయి. ఆ మార్పు ఒక్కసారే జరుగుతుంది. రెండో భాగం మొదలయ్యేసరికి హీరో అప్పటికే గెలిచినవాడు. సూపర్ హీరో సినిమా రెండో భాగానికి పుట్టుకతో వచ్చే బలహీనత ఇదే.

బలమూ అక్కడే ఉంది. ఈ మనిషి ఎవరు, శక్తి ఎలా వచ్చింది అని గంటసేపు చెప్పనక్కర్లేదు. మిగిలిన ఆ గంటను దర్శకుడు ఏం చేశాడన్నదే అసలు విషయం. 2004లో శామ్ రైమీ తీసిన 'స్పైడర్‌మ్యాన్ 2' చూడండి. హీరోకు పిజ్జాలు చేరవేసే ఉద్యోగం ఊడుతుంది, ఇంటి అద్దె బాకీ, కాలేజీలో చీవాట్లు. తన వేషాన్ని తెల్లబట్టలతో కలిపి ఉతికితే రంగు అంటుకుంటుంది. శక్తి పోయి గోడ ఎక్కలేక, ఆ వేషంలోనే లిఫ్టులో దిగుతాడు. రైలును ఆపి స్పృహ తప్పినప్పుడు ప్రయాణికులు చేతుల మీదుగా లోపలికి మోసుకుపోతారు. ముసుగు లేని ముఖం చూసి, ఇంత చిన్న కుర్రాడా అనుకుంటారు. ఇద్దరు పిల్లలు ముసుగు తిరిగి ఇస్తారు, ఎవరికీ చెప్పబోమంటారు. ఆ శక్తి వల్ల అతనికి ఏం పోతోందో ప్రేక్షకుడికి తెలుసు. అందుకే ఆ సన్నివేశంలో హాలు కదలదు. డబ్బుల్లో ఈ సినిమా మొదటిదానికన్నా కాస్త తక్కువే చేసింది, అయినా దాన్ని మించినదని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

దీనికి విరుద్ధంగా ఉన్నదాన్ని నేను ప్రొజెక్షన్ గది కిటికీలోంచి కనిపెడతాను. తెర మీద నగరం కూలుతుంటుంది, కింద సీట్లలో ఫోన్లు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. మొదట గోడ పక్కన ఒకటి, తర్వాత మధ్య వరుసల్లో నాలుగైదు. హీరోకు ఏమీ కాదని తెలిసిపోయాక ఎంత పెద్ద భవనం కూలినా ఒకటే. మూడో భాగానికి బాట వేయడానికి కొత్త పాత్రలను తెచ్చి పరిచయం చేసే సన్నివేశాల్లో ఈ వెలుగు ఇంకా ఎక్కువ. జనం ఇవాళ్టి సినిమాకు టికెట్ కొన్నారు, రాబోయేదానికి కాదు.

కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి అమ్మ నగలు తాకట్టు పెట్టి, ఇలాంటి ఒక డబ్బింగ్ సినిమాకు ఎన్‌ఆర్‌ఏ కట్టాడు. ఆదివారం దాకా నిండింది. సోమవారం సాయంత్రం డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క కాగితం, చేతిలో పట్టుకుని మా ఆఫీసు గదిలో కూర్చున్నాడు. ఫస్ట్ షోకు బాల్కనీ సగం కూడా నిండలేదు. టీ తెప్పిస్తే తాగలేదు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను, చుట్టూ ఉన్నవాళ్లంతా అదే చెప్పి ఎగదోశారు. సెన్సార్ సభ్యులు చూసి బాగుందన్నారంటూ విడుదలకు ముందే వాట్సాప్‌లో తిరిగే 'సెన్సార్ టాక్' ఒకటి. దాన్ని నమ్మి డబ్బు కట్టవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. సర్టిఫికెట్ ఇచ్చే సభ్యులు మీ ఊరి గ్రూపులో రేటింగులు పెట్టరు. ఆ టాక్ పుట్టించేది సినిమా అమ్ముకునేవాళ్లే.

భయపడుతున్నవాళ్లకు నేను చెప్పేది ఇది. ట్రైలర్ చూసి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈసారి హీరోకు ఏం పోతుంది? "లోకం నాశనమవుతుంది" తప్ప జవాబు దొరకకపోతే ఎన్‌ఆర్‌ఏ జోలికి పోవద్దు. పర్సంటేజ్ మీద, అంటే వచ్చిన వసూళ్లలో వాటా పద్ధతిన, ఆడించండి, లేదా తిరిగి వచ్చే (రిటర్నబుల్) అడ్వాన్సు అడగండి, అదీ కాగితం మీద. మూడు రోజుల లాభం కాస్త తగ్గవచ్చు, ఇల్లు మాత్రం నిలుస్తుంది.

అపోహ: విలన్లు ఎంతమంది ఉంటే అంత బలం.

వాస్తవం: 2007లో 'స్పైడర్‌మ్యాన్ 3'లో ముగ్గురిని పెట్టారు, ఎవరికీ సరైన చోటు దొరకలేదు. 'ది డార్క్ నైట్'లోనూ ఒకరికి మించి ఉన్నా, హార్వీ డెంట్ విలన్‌గా మారేది జోకర్ చేసిన పని వల్లే. కథ ఒకే దారంలో నడిచింది. చూడాల్సింది సంఖ్యను కాదు.

అపోహ: మొదటిది చూడకపోతే రెండోది అర్థం కాదు.

వాస్తవం: బాగా రాసిన సినిమా పది నిమిషాల్లో అర్థమయ్యేట్టు చేస్తుంది. నిక్షేపంగా వెళ్లండి.

అపోహ: సూపర్ హీరో సినిమా అంటే పిల్లల సినిమా.

వాస్తవం: టికెట్ల కిటికీ దగ్గర మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బిట్రగుంట నుంచి ఒక తండ్రి ఎనిమిదేళ్ల కొడుకును ఆటోలో తీసుకొచ్చాడు. బాబు ముఖానికి ముసుగు కూడా తొడిగాడు. సినిమాకేమో 'ఎ' సర్టిఫికెట్. వెనక్కి పంపక తప్పలేదు. ఆ బాబు ఏడుపు ఆపడానికి పాప్‌కార్న్ ఇచ్చాం గానీ, అది ఏ మూలకు సరిపోతుంది? 'జోకర్', 'లోగన్' కూడా మన దేశంలో పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్‌తో వచ్చినవే. మొదటి భాగానికి పిల్లలను రానిచ్చారని రెండోదానికీ రానిస్తారనుకోవద్దు, ప్రతి భాగానికీ సర్టిఫికెట్ వేరు. 'యు/ఎ'ను ఇప్పుడు 7+, 13+, 16+ అని విడదీశారు. ఆ వయసులోపు పిల్లలను తీసుకురావాలా వద్దా అన్నది తల్లిదండ్రుల నిర్ణయం. 'ఎ' అయితే మాత్రం 18 నిండనివాళ్లను లోపలికి పంపే అధికారం మాకు లేదు, ఎంత బతిమాలినా లేదు. బయలుదేరే ముందే పోస్టరు మీదో టికెట్ల యాప్‌లోనో చూసుకోండి. తెలియకపోతే థియేటర్‌కు ఫోను చేయండి, చెబుతాం.