ఆగి వేసిన డబుల్ ఏం చెప్తుంది

బిడ్డలారా,

మొన్న ఆదివారం బ్రిడ్జ్ ఆట గురించి ఇద్దరూ ఫోన్‌లో ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు గదా, అక్క డబుల్ (ఎదుటివాళ్ళు చెప్పిన ఆట మీద పందెం పెంచే మాట) వేస్తే తమ్ముడు పాస్ అన్నాడని, రెండు ఆఠీన్‌ల ఆట (ఆఠీన్ హుకుంగా ఎనిమిది పట్లు) ఎదుటి జోడీ గెలిచేసుకున్నారని. అప్పుడు నేను నల్లగొండ బస్టాండులో ఉన్నాను, ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి మీరు చెప్పిన పత్తాలన్నీ బల్ల మీద పరిచి చూశాను. తప్పు ఎవరిదని కాదు, ఆ డబుల్‌కు అర్థం ఏమిటో ఇద్దరూ ఒక్కతీరుగా అనుకోలేదు, అంతే.

పాట, అంటే ఎవరెన్ని పట్లు గెలుస్తారో వంతుల వారీగా చెప్పుకోవడం, ఎట్లా నడిచిందో మళ్ళీ చూడండి. అక్క కుడిచేతి ఆయన ఒక ఆఠీన్ అన్నాడు, అక్క పాస్ అంది, ఆయన జోడి రెండు ఆఠీన్‌లు అన్నాడు, తమ్ముడు పాస్, మొదటి ఆయన కూడా పాస్. ఇంకొక్క పాస్ పడితే పాట ముగిసిపోయేది. అప్పుడు అక్క డబుల్ అంది. తమ్ముడూ, నీ చేతిలో ఆఠీన్ ఆసు ఉంది కాబట్టి వాళ్ళను ఓడగొడదామని అక్క అంటోందని అనుకున్నావు. కానీ ఒక్క ప్రశ్న వేసుకుని ఉండాల్సింది: మొదటిసారి తన వంతు వచ్చినప్పుడు అక్క ఎందుకు ఊరుకుంది?

అక్క చేతిలో ఉన్నవి ఇవి: ఇస్పేట్‌లో రాజు, జాకీ, ఏడు, అయిదు, ఆఠీన్‌లో ఎనిమిది, మూడు, డైమండ్‌లో రాణి, తొమ్మిది, ఆరు, నాలుగు, కళావర్‌లో రాజు, ఏడు, రెండు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి లెక్కన తొమ్మిది పాయింట్లు. ఒక ఆఠీన్ మీద వెంటనే డబుల్ వేయాలంటే దాదాపు పన్నెండు ఉండాలి, అందుకే ఊరుకుంది. కానీ వాళ్ళిద్దరూ రెండు దగ్గరే ఆగిపోయేసరికి లెక్క మారింది. మొత్తం ప్యాక్‌లో నలభై పాయింట్లు. గేమ్‌కు (అదనపు బహుమతి వచ్చే పెద్ద పాటకు) పోకుండా ఆగారంటే వాళ్ళ దగ్గర ఏ ఇరవయ్యో ఇరవై రెండో ఉంటాయి, మిగతావి మన ఇద్దరివే. అక్కకు తొమ్మిదే ఉన్నాయంటే తమ్ముడి దగ్గర ఎన్నో కొన్ని ఉండి తీరాలి.

దీనికంటే నాకు ఎక్కువ ఇష్టమైన లెక్క ఇంకొకటి ఉంది. జోడి చేతిలో కలిపి 26 పత్తాలు (మన నాగార్జునసాగర్ డ్యామ్ గేట్లు ఎన్నో అన్నే, మీకు మరిచిపోయే పని లేదు). వాళ్ళకు ఎనిమిది ఆఠీన్‌లు ఉంటే మనకు అయిదు. 26లో అయిదు తీసేస్తే 21 మిగులుతాయి, వాటిని మిగతా మూడు రంగులకు పంచితే ఏదో ఒక రంగు ఏడన్నా ఉండక తప్పదు, చాలాసార్లు ఎనిమిదే ఉంటుంది. వాళ్ళకు తొమ్మిది ఉంటే మనకు 22 మిగులుతాయి, ఇక ఎనిమిది పత్తాల రంగు ఖాయం. అంటే వాళ్ళకు రంగు కుదిరిందంటే మనకూ ఎక్కడో కుదిరినట్టే. అక్క ఆగి వేసిన డబుల్ చెప్పేది అదే: "నా దగ్గర ఆఠీన్‌లు తక్కువ, మిగతా మూడింట్లో నీకు పొడుగున్నది చెప్పు". ఇది టేకౌట్ డబుల్. తమ్ముడి దగ్గర రాణితో నాలుగు ఇస్పేట్లు ఉన్నాయి, రెండు ఇస్పేట్లు అంటే సరిపోయేది. బయట ఉన్న అయిదు ఇస్పేట్లు మూడు, రెండుగా పడితే ఎనిమిది పట్లు వస్తాయి, మనకు 110. లేకపోతే వాళ్ళు మూడు ఆఠీన్‌లకు ఎక్కేవాళ్ళు, అక్కడ ఓడే అవకాశం ఉంది. ఇప్పుడేమో వాళ్ళు వల్నరబుల్ (బహుమతులూ జరిమానాలూ పెరిగే స్థితి) కాకపోయినా 470 తీసుకుపోయారు, డబుల్ వల్ల రెండు ఆఠీన్‌లే గేమ్ అయిపోయింది కాబట్టి.

ఇక దీనికి పూర్తిగా ఎదురు ఉండే సందర్భం. ఒక ఆఠీన్, అక్క పాస్, ఆయన జోడి ఒక నోట్రంప్ (హుకుం లేని ఆట), తమ్ముడు పాస్, మొదటి ఆయన మళ్ళీ రెండు ఆఠీన్‌లు, ఇప్పుడు అక్క డబుల్. ఇక్కడ ఆఠీన్‌లకు మద్దతు రాలేదు చూడండి, ఆయన ఒక్కడే తన రంగు రెండోసారి చెప్పుకున్నాడు. మంచి టేకౌట్ చేయి ఉంటే అక్క మొదట్లోనే వేసేది. ఇప్పుడు వేసిందంటే, ఆసు, రాణి, పది, ఎనిమిది, ఆరు లాంటి ఆఠీన్‌లు పట్టుకుని, పైన కొన్ని పాయింట్లు కూడా ఉండి, మాటు వేసి కూర్చుందన్నమాట. ఆమె ఆయన తర్వాత ఆడుతుంది కాబట్టి ఆ ఆఠీన్‌లకు విలువ ఎక్కువ. ఇది పెనాల్టీ డబుల్, అంటే వాళ్ళను ఓడగొట్టడానికి వేసేది. తమ్ముడూ, ఇక్కడ మాత్రం నువ్వు నోరు మూసుకుని పాస్ అనాలి, ఒక్క ఆఠీనే ఉందని భయపడి రెండు ఇస్పేట్లు అన్నావంటే అక్క కష్టమంతా నీళ్ళపాలు. వాళ్ళు వల్నరబుల్‌గా ఉండి రెండు పట్లు తగ్గితే మనకు 500 వస్తుంది.

ఈ రెండోదాన్ని కూడా టేకౌట్‌గా ఆడే జోడీలు ఉన్నాయి. అది తప్పు కాదు, కానీ ముందే మాట్లాడుకుని ఉండాలి. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ పురుషుల జోడీలో మనకు స్వర్ణం తెచ్చింది 60 ఏళ్ళ ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ళ శివనాథ్ సర్కార్. ఆ వయసులో గెలిపించేది వేగం కాదు బిడ్డా, ఎదుటివాడి పాస్‌లో ఏముందో ఇద్దరికీ ఒక్కలాగే తెలిసి ఉండడం.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. పాస్ అనే ముందు చాలాసేపు ఆగి, నిట్టూర్చి, పత్తాలు సర్ది పాస్ అనొద్దు. ఆ ఆగడంతోనే నీ చేతిలో ఏదో ఉందని జోడికి తెలిసిపోతుంది, దాన్ని పట్టుకుని ఆడటం నియమాలకు విరుద్ధం. ఆలోచించాల్సి వస్తే ఆలోచించండి, కానీ జోడి ఆగిన సంగతిని మీరు వాడుకోవద్దు. సాగర్ హిల్ కాలనీలో కొలువు చేసిన రోజుల్లో సాయంత్రం ఆటలో దీని మీదే స్నేహాలు చెడిపోవడం చూశాను.

మీరు తేల్చుకోవాల్సింది ఇంకొకటి మిగిలింది. ఒక ఆఠీన్, పాస్, ఒక నోట్రంప్, పాస్, పాస్, అప్పుడు డబుల్. నేనైతే దాన్ని మంచి ఆఠీన్‌లు ఉన్న చేయిగానే తీసుకుంటాను. మీరిద్దరూ ఏమనుకున్నారో శనివారం లోపల రాయండి, ఆదివారం ఆడేటప్పుడు నేను చూస్తూ ఉంటాను.

మీ తాత
నల్లగొండ