‘అమ్నీషియా’ భయం వెనక లెక్కలు: హారర్ గేములపై కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను గేములకు సౌండ్ చేస్తాను. తలుపు కిర్రుమనడం, పైఅంతస్తులో ఎవరో నడిచినట్టు అనిపించడం, ఖాళీ గదిలో ఏదో ఉన్నట్టు తోచడం... ఇవన్నీ తయారుచేసి నెలాఖరుకు జీతం తీసుకునే ఉద్యోగం. సంగతి తెలిసినవాళ్లు, ముఖ్యంగా ఈ రంగంలోకి రావాలనుకునే కుర్రాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వాటిలో చాలావాటికి అపోహే పునాది.

అపోహకో గేము చొప్పున ఏకరువు పెట్టకుండా ముఖ్యంగా ఒకదాన్నే పట్టుకుంటాను. స్వీడన్‌లో థామస్ గ్రిప్, యెన్స్ నిల్సన్ స్థాపించిన ఫ్రిక్షనల్ గేమ్స్ 2010 సెప్టెంబరులో విడుదల చేసిన ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’ అది. కథ 1839లో, ప్రష్యాలోని బ్రెన్నెన్‌బర్గ్ అనే కోటలో జరుగుతుంది. డేనియల్ అనే యువకుడికి మెలకువ వచ్చేసరికి ఏమీ గుర్తుండదు. తన చేతిరాతతోనే ఒక ఉత్తరం దొరుకుతుంది: గతాన్ని మరిచిపోయే మందు నేనే కావాలని తాగాను, కోట లోపలికి దిగి అలెగ్జాండర్‌ను చంపు అని. చేతిలో ఆయుధం ఉండదు, లాంతరు ఒక్కటే. ఇక్కడి నుంచి గేము గుట్టు కొంత విప్పక తప్పదు, ఆడాలనుకునేవాళ్లు ఆడాక చదవండి.

అపోహ: ఎంత చీకటిగా ఉంటే అంత భయం.

కటిక చీకటి విసుగు పుట్టిస్తుంది, అంతే. ఏమీ కనపడకపోతే ఎవరైనా ముందు చేసే పని మానిటర్ బ్రైట్‌నెస్ పెంచుకోవడం. అమ్నీషియాలో దీపం ఆర్పి కాసేపు నిలబడితే డేనియల్ కళ్లు చీకటికి అలవాటు పడతాయి, గోడలు, బల్లలు నీలంగా, లీలగా కనిపిస్తాయి. ఆ చీకటితో పెట్టిన మెలిక వేరే ఉంది. వెలుగులో ఉంటే డేనియల్ మనసు కుదుటగా ఉంటుంది గానీ రాక్షసుల కంట పడతాడు. చీకట్లో నక్కితే వాటికి కనపడడు గానీ మతి చెదురుతుంది. లాంతరు పట్టుకుంటే నూనె ఖర్చు, కొవ్వొత్తి వెలిగిస్తే చెకుముకి పెట్టె ఖర్చు. ఏ దారిలో వెళ్లినా ఎంతో కొంత పోతుంది. టెన్షన్ అక్కడ పుడుతుంది.

లోపం కూడా ఇక్కడే ఉంది. ప్రతి సొరుగూ లాగి చూసే అలవాటున్నవాడి దగ్గర సగం ఆట అయ్యేసరికి చెకుముకి పెట్టెలు మూలుగుతుంటాయి. ఖర్చుకు వెనకాడాల్సిన పని లేనప్పుడు చీకటి ఉత్త చీకటైపోతుంది.

అపోహ: శానిటీ మీటర్ (పాత్ర మతి ఎంత కుదురుగా ఉందో చూపే కొలత) ఉంది కాబట్టి అది సైకలాజికల్ హారర్.

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇదే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ముందుగా, అమ్నీషియాలో అంకెలతో కనిపించే మీటర్ లేదు. ఇన్వెంటరీ (దగ్గరున్న సామాన్లు చూపే తెర) తెరిస్తే ఒక గుండె బొమ్మ, ఒక మెదడు బొమ్మ కనిపిస్తాయి. మెదడు మీద మౌస్ పెడితే డేనియల్ పరిస్థితి ఒక ముక్కలో చెబుతుంది: అంతా స్పష్టంగానే ఉంది, కొంచెం తలనొప్పిగా ఉంది, తల పగిలిపోతోంది చేతులు వణుకుతున్నాయి... ఇలా. చీకట్లో ఉన్నా, రాక్షసుణ్ని చూసినా, భయంకరమైనది కంటపడినా ఇది దిగజారుతుంది. పళ్లు పటపట కొరికే చప్పుడు వినిపిస్తుంది, దృశ్యం సాగినట్టవుతుంది, తెర మీద పురుగులు పాకుతాయి. పజిల్ విప్పి ముందుకెళితే మళ్లీ తేరుకుంటాడు.

మరి అది సున్నాకు పడిపోతే? మామూలు మోడ్‌లో డేనియల్ చావడు. కింద పడతాడు, కాసేపు ఈడ్చుకుంటూ కదులుతాడు, మళ్లీ లేస్తాడు. మూడుముక్కలాటలో చేతిలో ఏముందో చూడకుండా బ్లైండ్ పెంచుకుంటూ పోయేవాడిలా ఈ గేము కూడా ముక్కలు చూపించకుండా పందెం పెంచుతుంది. అవతలివాడి దగ్గర ఏముందో తెలియనంతసేపూ మనకు చెమటలు పడతాయి.

ఈ బ్లఫ్‌ను ఎవరైనా విప్పి చూడొచ్చు. లెవెల్ స్క్రిప్టులు గేము ఫోల్డర్లోనే ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. 2020లో గేమును నడిపే ఇంజన్ సోర్స్ కోడ్ కూడా బయటపెట్టారు. ఒక స్క్రిప్ట్ తెరిస్తే వరస ఇలా ఉంటుంది: ఆటగాడు ఫలానా కనపడని పెట్టెను దాటాడా, ఫలానా చోట ఈ శబ్దం మోగించు, శానిటీ ఇంత తగ్గించు, తలుపు మూసెయ్. గేములు చేయాలనుకునే కుర్రాళ్లకు నేను ముందు చెప్పేది ఈ ఫోల్డర్ తెరవమనే. ఒళ్లు గగుర్పొడిచే ఘట్టం పది లైన్లలో ముగిసిపోవడం చూస్తే కాస్త నీరసం వస్తుంది, కానీ పని అక్కడే అర్థమవుతుంది.

సైకలాజికల్ అనిపించేది ఇంకొకటి ఉంది. డేనియల్ ఏం మరిచిపోవాలనుకున్నాడన్నది. డైరీ కాగితాలు దొరికేకొద్దీ, ఈ కోటలో మనుషుల్ని హింసించినవాళ్లలో తనూ ఒకడని తెలుస్తుంది. మొదటి నుంచి ఆ కళ్లతో చూస్తున్నది మనమే కాబట్టి తప్పించుకునే చోటుండదు. తెర మీద పురుగుల్ని మర్చిపోయినవాళ్లకు కూడా ఇది గుర్తుంటుంది.

శానిటీ అనే మాటకు, నిజమైన మానసిక అనారోగ్యానికి సంబంధం లేదని కూడా చెప్పాలి. ఆ దారిలో జాగ్రత్తగా నడిచిన గేము 2017లో వచ్చిన ‘హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్’. దానికి కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్, సైకియాట్రిస్టు పాల్ ఫ్లెచర్ సలహాలిచ్చారు. సెనువా తలలో వినిపించే, మన రెండు చెవుల చుట్టూ తిరిగే గొంతుల రికార్డింగ్ మా వృత్తిలో ఉన్నవాళ్లు తప్పక వినాల్సింది. అది ఫస్ట్ పర్సన్ గేము, అంటే పాత్ర కళ్లతోనే చూసే గేము కాదనుకోండి.

అపోహ: ఫస్ట్ పర్సన్ అంటే కెమెరాను కళ్ల దగ్గర పెట్టడమే.

ఈ కోణంలో మనం పోగొట్టుకునేది మన వీపు. వెనక ఏముందో తెలియాలంటే తిరగాలి, తిరిగితే ముందున్నది కనపడదు. 2014 ఆగస్టులో ప్లేస్టేషన్ 4కు వచ్చిన ‘పీ.టీ.’ దీన్ని చివరంటా వాడుకుంది. ఉన్నదల్లా ఒక ఇంట్లో మలుపు తిరిగిన నడవా, నడిచి తలుపు దాటితే మళ్లీ అదే నడవా. 2019లో ఒక మోడర్ (గేములను విప్పి మార్చేవాడు) కెమెరాను విడదీసి చూస్తే, టార్చి చేతికొచ్చినప్పటి నుంచి లీసా అనే దెయ్యం బొమ్మ ఆటగాడి వీపు వెనకే అతుక్కుని నడుస్తోందని బయటపడింది.

అమ్నీషియా వాడిన ఉపాయం నాకు ఇంకా నచ్చుతుంది. రాక్షసుణ్ని తేరిపార చూస్తే శానిటీ పడిపోతుంది, కాబట్టి మనమే మొహం తిప్పుకుంటాం. చిన్న బృందం చేసిన బొమ్మ కదా, దగ్గర నుంచి చూస్తే బొమ్మలాగే ఉంటుంది. ఆటగాడి చేతే కళ్లు మూయించి ఆ లోటు కప్పేశారు. అయితే మతి చెదిరినప్పుడు తెర అటూ ఇటూ ఊగడం కొందరికి నిజంగానే కళ్లు తిప్పుతుంది. ఆ కారణంగా మధ్యలో వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

అపోహ: ఒక్కసారిగా అరుపు వినిపిస్తే, అదే హారర్.

ఇది నా శాఖ. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడటం శరీరం చేసే పని, బెలూన్ పగిలినా అదే జరుగుతుంది. ఉలికిపాటు అయిపోగానే మనిషి ఊపిరి వదిలి నవ్వేస్తాడు. అంటే అప్పటిదాకా కష్టపడి పోగుచేసిన టెన్షన్ ఒక్క దెబ్బతో ఖర్చయిపోయిందన్నమాట. ఇలా ఉలిక్కిపడేలా చేసే జంప్ స్కేర్ వద్దనను, దాని ధర తెలిసి వాడమంటాను.

భయం ఎక్కడ ఊరుతుందో తెలియాలంటే అమ్నీషియాలో తలుపు తెరిచే తీరు చూడాలి. ఒక మీట నొక్కితే తెరుచుకునే తలుపు కాదది. మౌస్ నొక్కిపట్టి, చేత్తో లాగాలి. ఎంత లాగితే అంతే తెరుచుకుంటుంది, లాగే వేగాన్ని బట్టి మడతబందు మూలుగుతుంది. బొటనవేలంత సందు చేసి, ఆగి, లోపలికి తొంగి చూసి, మళ్లీ ఇంకాస్త లాగుతారు. ఆ కాసేపూ డిజైనర్ చేసేది ఏమీ లేదు, భయపెట్టే పనంతా ఆటగాడే తన చేతులతో తాను చేసుకుంటున్నాడు. ప్లేటెస్ట్ చేయించేటప్పుడు, అంటే వేరేవాళ్ల చేత ఆడించి చూసేటప్పుడు, నేను తెరను పెద్దగా చూడను, మనిషినే చూస్తాను. అరిచినవాడి సంగతి ఎలా ఉన్నా, మాట్లాడకుండా హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకు జరిపాడంటే సౌండ్ పనిచేసినట్టే.

అమ్నీషియా సౌండులో నాకు గుచ్చుకునే తప్పు ఒకటుంది. రాక్షసుడు మనల్ని చూడగానే తరిమే సంగీతం మొదలవుతుంది, వాడు వదిలేయగానే ఆగుతుంది. మొదట్లో గుండె దడదడలాడిస్తుంది. నాలుగైదుసార్లు అయ్యాక అదే సంగీతం కాపలాదారు పనిచేస్తుంది: ఆగిందా, ఇక బయటికి రావచ్చు. ముక్కలు దాచిపెట్టుకున్న గేము తన చేతిని తనే చూపించేస్తున్న చోటు అది.

అపోహ: ఆయుధం లేకపోతేనే భయం.

ఫ్రిక్షనల్ వాళ్ల సొంత చరిత్రే దీనికి జవాబు. 2007 నాటి ‘పెనంబ్రా: ఓవర్చర్’లో సుత్తితో కుక్కల్ని కొట్టొచ్చు. చేతిలో సుత్తి ఉంటే ఎవరైనా పోట్లాటకే దిగుతారు. 2008లో వచ్చిన రెండో భాగంలో ఆయుధాలు తీసేశారు, అమ్నీషియా అదే దారిలో నడిచింది. 2023లో ‘అమ్నీషియా: ది బంకర్’కు వచ్చేసరికి మళ్లీ రివాల్వర్ ఇచ్చారు, అయినా భయం తగ్గలేదు. తూటాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, కాల్చినా మృగం చావదు, కాసేపు వెనక్కి తగ్గుతుంది. పైగా కాల్పుల చప్పుడు దానికి మన ఆనవాలు ఇస్తుంది. ఆ గేములో టార్చిని కూడా చేత్తోనే ఛార్జ్ చేసుకోవాలి, చేసినప్పుడల్లా గరగరమని చప్పుడు. ఉన్న ఒక్క ఆసరా కూడా ఖరీదైందే.

అపోహ: రాక్షసుడి ఏఐ ఎంత తెలివైనదైతే గేము అంత గొప్పది.

2014 నాటి ‘ఏలియన్: ఐసొలేషన్’ను అందరూ ఉదాహరణగా చెబుతారు. నిజమే, కానీ అక్కడ ఉన్నవి రెండు మెదళ్లు. ఒకటి పైన కూర్చున్న డైరెక్టర్. ఆటగాడు ఎక్కడున్నాడో దానికి ఎప్పుడూ తెలుసు. రెండోది ఏలియన్, దానికి తెలియదు. డైరెక్టర్ అప్పుడప్పుడూ ‘ఆ వైపు వెతుకు’ అని సూచన మాత్రం ఇస్తుంది. ఒత్తిడి మరీ పెరిగితే ఏలియన్‌ను పక్కకు పంపుతుంది. తెలివైన జంతువు తరుముతున్నట్టు మనకు అనిపించేది ఈ ఏర్పాటు వల్లే.

అమ్నీషియాలో అంత హంగు లేదు. అయినా ఆ గేములో ఎక్కువమంది చెప్పుకునేది నీళ్లు నిండిన నేలమాళిగ గురించే. అక్కడి ప్రాణి కంటికి కనపడదు, నీళ్లలో అడుగులు పడుతున్న చిమ్ముడు మాత్రం కనిపిస్తుంది. పెట్టె మీంచి పెట్టె మీదికి దూకుతూ, ఏదో ఒకటి దూరంగా విసిరి దాని దృష్టి మళ్లిస్తూ దాటాలి. బొమ్మ గీయనక్కర్లేదు, నడక యానిమేట్ చేయనక్కర్లేదు. నీటి చప్పుళ్లు మాత్రం ఒళ్లు దగ్గరపెట్టుకుని చేయాలి.

మిగతా రాక్షసులు అంత నిలబడవు. అల్మరాలో దాక్కుని కాసేపు ఓపిక పడితే చాలావరకు మాయమైపోతాయి. అది తెలిసిన రోజు నుంచి కోట ఖాళీ ఇల్లులా అనిపిస్తుంది.

అపోహ: మాటిమాటికీ చస్తేనే భయం.

చావు భయాన్ని ముగిస్తుంది. రాక్షసుడు కొట్టాడు, తెర నల్లబడింది, మళ్లీ అదే చోటి నుంచి మొదలు. రెండోసారి అదే నడవాలో నడుస్తుంటే భయం ఉండదు, చిరాకు ఉంటుంది. ‘ఇక్కడ ఎడమ పక్కకు తిరగాలి’ అని దారి బట్టీ పట్టేస్తాం. ఫ్రిక్షనల్ వాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే చచ్చి లేచాక రాక్షసుడు చాలాసార్లు ముందున్న చోట ఉండడు, వేరేచోటికి జరుపుతారు, లేదా పూర్తిగా తీసేస్తారు. అందుకు తగ్గట్టు స్క్రిప్టులో చెక్‌పాయింట్ (చస్తే మళ్లీ మొదలయ్యే చోటు) పెట్టేటప్పుడే, మళ్లీ లేచినప్పుడు ఏమేం మార్చాలో రాసుకునే వీలుంది. ఆట మొదట్లోనే గెలవడానికి ఆడొద్దని, లోకంలో లీనమవమని చెప్పేది కూడా ఇందుకే.

దీనికీ ఒక మూల్యం ఉంది. చస్తే దారి సులువవుతుందని గ్రహించిన ఆటగాడు నేరుగా రాక్షసుడి ఎదురుగానే వెళతాడు. 2018లో చేర్చిన హార్డ్ మోడ్ ఈ కన్నం పూడ్చింది: ఆటోసేవ్ లేదు, సేవ్ చేసుకోవాలంటే నాలుగు చెకుముకి పెట్టెలు ఇచ్చుకోవాలి, శానిటీ అడుగంటితే చావే. ఒకసారి ఆడేసినవాళ్లకు ఇది మంచిదే. మొదటిసారి ఆడేవాళ్లు మాత్రం అటు వెళ్లొద్దని నా మాట. సేవ్ కోసం చెకుముకి పెట్టెలు లెక్కపెట్టుకుంటూ ఉంటే కథ మీద మనసు నిలవదు.

అపోహ: యూట్యూబ్‌లో చూస్తే ఆడినట్టే.

అరుపుల వీడియోలు లేకపోతే ఈ గేముకు ఇంత పేరు వచ్చేది కాదు, అందులో అనుమానం లేదు. కానీ తలుపు లాగుతున్నది వేరేవాళ్ల చెయ్యి. పైగా ఆడి చూపించే స్ట్రీమర్ మాట్లాడుతూనే ఉంటాడు, నిశ్శబ్దం ఎక్కడా వినపడదు.

అపోహ: హారర్ గేములో కథ సాకు మాత్రమే.

2015లో ఇదే కంపెనీ నుంచి వచ్చిన ‘సోమా’ చూడండి. సముద్రం అడుగున ఒక పరిశోధన కేంద్రం. మనిషి స్పృహను నకలు తీస్తే, ఆ నకలు అతనేనా, ఇంకొకడా అన్నది దాని ప్రశ్న. కథ గుక్క తిప్పుకోనివ్వదు, రాక్షసులే అడ్డం తగులుతుంటారు. దాక్కునే ఆ ఘట్టాలన్నీ అమ్నీషియా నుంచి అలవాటుగా వచ్చినవే తప్ప, ఆ కథ కోరినవి కావు. ఆటగాళ్లు కూడా అలాగే అనుకున్నట్టున్నారు, రాక్షసులు దాడి చేయకుండా గేమును మార్చే ప్యాచ్ ఒకటి ముందు అభిమానులే చేసుకున్నారు. 2017 డిసెంబరులో కంపెనీయే సేఫ్ మోడ్ పేరుతో అలాంటిదాన్ని అధికారికంగా చేర్చింది. రాక్షసులు ఉంటారు, తిరుగుతారు, చంపరు. భయం పడదు గానీ మంచి సైన్స్ ఫిక్షన్ కథ కావాలనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఆ మోడ్‌లో సోమా ఆడమనే. హెడ్‌ఫోన్లు మాత్రం మంచివి పెట్టుకోండి.