పాళెగాడు: కావలి నుంచి పెత్తనం దాకా

చిత్తూరు సీమలో ఎవరైనా ఊరిని గుప్పిట్లో పెట్టుకుని ఎదురు మాట్లాడనివ్వకపోతే ‘పాళెగాడి పెత్తనం’ అంటారు. ఈ తిట్టు వెనకున్న చరిత్రలో సగమే మనకు వినిపిస్తోంది.

పాళెం అంటే దండు విడిసిన చోటు. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే దారిలోని బంగారుపాళ్యం పేరులో ఉన్నదీ అదే. విజయనగర రాజులు సైన్యాన్ని పోషించే షరతుతో నాయకులకు భూములిచ్చారు. అలా పాళెం ఏలినవారే పాళెగాళ్లు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, ఆపై చంద్రగిరికి మారింది. కేంద్రం బలం తగ్గిన కొద్దీ పాళెగాళ్లు స్వతంత్రులయ్యారు.

వారికి ఊళ్లు కావలి రుసుం కట్టేవి. దొంగతనం జరిగితే సొమ్ము రాబట్టడమో, నష్టం కట్టివ్వడమో కావలిదారుడి బాధ్యత. అది సక్రమంగా నడిచినంత కాలం రైతుకు అండ ఉండేది. అడిగేవాడు లేనప్పుడు అదే రుసుం బలవంతపు వసూలైంది. పాళెగాళ్ల పోరుల్లో నలిగింది పల్లెలే. దీన్ని కప్పిపుచ్చాల్సిన పనిలేదు.

అయితే ఆ మాటకు నేటి రంగు పులమడంలో ఈస్టిండియా కంపెనీ పాత్ర పెద్దది. 1800లో నిజాం దత్తమండలాలను అప్పగించాడు. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలూ అందులోవే. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్కలో అక్కడ దాదాపు 80 మంది పాళెగాళ్లు, వారి వెనక 30 వేల మంది సాయుధులు. మరుసటి ఏడాది ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు చిత్తూరు పాళేలూ కంపెనీ చేతికొచ్చాయి. కావలి హక్కులు పోయాయి, ఆయుధాలు దించమన్నారు. 1804లో చిత్తూరు పాళెగాళ్లు తిరగబడ్డారు. సైన్యం అణచివేసింది.

శిస్తుకు అడ్డొచ్చిన వారిని కంపెనీ కాగితాలు దోపిడీదారులుగానే రాసుకున్నాయి. కంపెనీకి కావలసింది రైతు క్షేమం కన్నా ముందు శిస్తు అని నా నమ్మకం. 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిదీ పాళెగాళ్ల వంశమే. జనం ఆయనను వీరుడిగానే పాడుకున్నారు.

కంపెనీతో కుదురుకున్న వారి కథ వేరు. కార్వేటినగరం, పుంగనూరు, కంగుంది జమీందారీలుగా కొనసాగి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిశాయి. అక్కడా శిస్తు కట్టింది రైతే. అయినా జమీందారు అన్న మాటకు దొరికిన మర్యాద, తిరగబడి పాళెం పోగొట్టుకున్నవాడి పేరుకు దక్కలేదు.