ఆ సీసాలో కెఫీన్ ఎంత?

మే నెల మధ్యాహ్నం అనంతపురం క్లాక్ టవర్ దగ్గర మా పక్కింటి పిల్లోడు కనిపించాడు. ఏడో తరగతి. 20 రూపాయల ఎనర్జీ డ్రింక్ గటగటా తాగేసి, రెండోదానికి చెయ్యి చాపుతున్నాడు. ఖాళీ సీసా తీసుకుని తిప్పి చూశాను. వెనకవైపు, ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాలు: పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగకూడదు, రోజుకు 500 మిల్లీలీటర్లు మించకూడదు.

"ఇది పిల్లోళ్ళు తాగేది కాదంట రా" అన్నాను.

"ఏం కాదు మామా, కూల్‌డ్రింకే గదా!"

వాడి తప్పేం లేదు. వాళ్ళమ్మ వాడికి కాఫీ ఇవ్వదు, నిద్ర పట్టదని. కానీ ఈ సీసాలో దాదాపు ఒక కప్పు డికాషన్ కాఫీ అంత కెఫీన్ ఉందని ఆమెకు ఎవరు చెప్పాలి? మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి పానీయాల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఒప్పుకుంటుంది. అంటే 250 మి.లీ. సీసాలో 75. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మి.గ్రా. దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. వీడు 30 కిలోలుంటాడేమో, అంటే 90. రెండో సీసా తాగితే 150. కాఫీ అయితే వేడిగా, చేదుగా, కొంచెం కొంచెంగా దిగుతుంది. ఇది చల్లగా తియ్యగా, మన ఎండకు నిమిషంలో ఖాళీ.

అసలు కెఫీన్ బలమేమీ ఇవ్వదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది తన చోటులో కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ముందే వచ్చి, బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టు, ఆ చోటు ఆపేస్తుంది. అలసట అలాగే ఉంటుంది, మనకు తెలియదంతే. పెద్దవాళ్ళలో కూడా తాగినదాంట్లో సగం పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం తాగింది రాత్రి పడుకునేటప్పటికీ ఒంట్లోనే ఉంటుంది. గర్భిణుల్లో ఇంకా నెమ్మది.

లేబుల్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. పైగా చాలా సీసాల మీద లెక్క 100 మి.లీ.కి వేస్తారు. షాపు ముందు నిలబడి గుణకారం చేసేదెవరు? ముందువైపు తెలుగులో, మొత్తం సీసాకు లెక్క రాయాలి: "ఇందులో కెఫీన్ 75 మి.గ్రా. పిల్లలు తాగకూడదు." బ్రాండు పేరు ఎంత లావుగా వేస్తారో, అందులో సగమైనా లావుగా.